తోక చూసి మాట పట్టాలి

రాజమండ్రిలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయిని ఊహించుకోండి. వేసవి సెలవుల్లో ఏదైనా కొత్త భాష నేర్చుకుందామని ఫోన్లో ఎస్పరాంటో పాఠాలు తెరిచింది. మొదటి రోజే ఒక చిన్న పట్టిక కనిపించింది. నామవాచకం చివర ఓ, విశేషణం చివర ఆ, క్రియావిశేషణం చివర ఏ, క్రియ చివర ఇ. మినహాయింపులు లేవు, దారి తప్పిన క్రియలు లేవు. "ఓస్, ఇంతేనా!" అనుకుంది. పది నిమిషాల్లో పట్టిక నోటికొచ్చేసింది.

పదిహేనో రోజుకి ఆమె రాసిన ప్రతి వాక్యంలోనూ ఎర్రగీతలే. పట్టిక అప్పగించమంటే గడగడా అప్పగిస్తుంది. వాక్యం రాయమంటే మాత్రం ఒక్కటీ తిన్నగా రాదు.

ఎందుకలా?

ఆమె తెలివికేమీ లోటు లేదు. చిక్కంతా పాఠాలతోనే వచ్చింది. అవి ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ కోసం రాసినవి. డ్యూలింగో 2015లో ఎస్పరాంటో కోర్సు మొదలుపెట్టినప్పుడు కూడా అది ఇంగ్లీషు తెలిసినవాళ్ళకే. ఇంగ్లీషువాడు జారిపడే చోట జాగ్రత్తలు బోలెడు చెబుతారు. తెలుగువాళ్ళు జారే చోట ఎవరూ ఏమీ చెప్పరు. పైగా తెలుగువాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చిన సంగతికి అరపేజీ వివరణ ఇచ్చి భయపెడతారు. కాబట్టి తెలుగు మీదుగానే ఎస్పరాంటోలోకి నడవాలంటే ఎలా, దారిలో గోతులు ఎక్కడున్నాయి అన్నది చూద్దాం.

ముందు భాష పేరునే విప్పి చూడండి. లుద్విక్ జామెన్‌హాఫ్ అనే కుర్ర డాక్టరు తాను తయారుచేసిన కొత్త భాషను పరిచయం చేస్తూ 1887లో వార్సాలో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అప్పటికతనికి 27 ఏళ్ళు, తర్వాత కంటి డాక్టరుగా స్థిరపడ్డాడు. పుస్తకం మీద సొంత పేరు వేసుకోలేదు. 'దొక్తోరో ఎస్పెరాంతో' అని వేసుకున్నాడు. ఎస్పెర్ అంటే ఆశ. ఆంత్ అంటే ఆ పని చేస్తూ ఉన్న. చివరి ఓ నామవాచకానికి గుర్తు. మూడూ కలిపితే ఆశపడుతున్నవాడు. జనం పుస్తకం రాసినవాడి మారుపేరునే భాషకు పెట్టేశారు. మన పత్రికల్లో 'ఎస్పరాంటో' అని ట రాస్తారు గానీ అసలు పలుకుబడి త. తెలుగులో త, ద ఎలా పలుకుతామో అలాగే. ఇంగ్లీషు ట, డలు తగిలించుకోకపోతే ఉచ్చారణలో సగం పని అయిపోయినట్టే.

1. పట్టికను తెలుగులో రాసుకోండి

అందం, అందమైన, అందంగా. ఈ మూడింటికీ తేడా ఏమిటని అయిదేళ్ళ పిల్లని అడిగితే చెప్పలేదు. కానీ ఎప్పుడూ తప్పుగా వాడదు. ఎస్పరాంటోలో అవే బేలో, బేలా, బేలే. సున్న ఉన్నచోట ఓ, 'మైన' ఉన్నచోట ఆ, 'గా' ఉన్నచోట ఏ. అంతే.

నాలుగోది క్రియ. సంతోషం, సంతోషకరమైన, సంతోషంగా, సంతోషించు: జోయో, జోయా, జోయే, జోయి. మన 'ఇంచు' చేసే పనిని అక్కడ ఒక్క ఇ చేస్తుంది. వేగం రపీదో, వేగవంతమైన రపీదా, వేగంగా రపీదే. రపీది అంటే తొందరపడు. తెలుగులో ఇక్కడ మాట మారిపోయింది కదా? 'వేగించు' అంటే వేపుడు సంగతి గుర్తొస్తుంది. తెలుగు అన్ని మాటలకూ అన్ని తోకలూ తగిలించనివ్వదు. ఎస్పరాంటో తగిలించనిస్తుంది. ఉన్న తేడా అదొక్కటే.

క్రియకు కాలం కావాలంటే ఇ తీసేసి అస్, ఇస్, ఓస్ పెట్టాలి. వేనస్ వస్తున్న సంగతి, వేనిస్ వచ్చిన సంగతి, వేనోస్ రాబోయే సంగతి. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని మనిషిని బట్టి మార్చే పని లేదు. అందరికీ వేనిసే. కానీ అక్కడే ఒక మెలిక ఉంది. తెలుగులో 'వచ్చాను' అంటే చాలు, 'నేను' చెప్పక్కర్లేదు. ఎస్పరాంటోలో ఉత్తి 'వేనిస్' అంటే ఎవరు వచ్చినట్టు? మి వేనిస్, లి వేనిస్ అని మనిషిని కూడా చెప్పి తీరాలి. వాన విషయంలో మాత్రం మనిషి అక్కర్లేదు. ప్లూవస్ అంటే వాన పడుతోంది అని మొత్తం వాక్యం.

2. తోక లేని మాటల్ని ఒక చీటీ మీద రాసుకోండి

రాజమండ్రి అమ్మాయి మూడో రోజు పడ్డ గొయ్యి ఇది. 'మి' అంటే నేను. చివర ఇ ఉంది కదా, ఇది క్రియా? 'లా' అంటే ఇంగ్లీషు 'ద' లాంటి మాట, చివర ఆ ఉంది, విశేషణమా? 'ఊను' అంటే ఒకటి, చివర ఉ ఉందని ఆజ్ఞ అనుకోవాలా (ఆజ్ఞకు తోక ఉ, ఏడో సూచనలో వస్తుంది)?

ఏమీ అనుకోనక్కర్లేదు. సర్వనామాలు, అంకెలు, విభక్తుల్లాంటి చిన్న మాటలు, 'ఇప్పుడు, నిన్న, చాలా' లాంటి కొన్ని మాటలు ఈ తోకల లెక్కలోకి రావు. మి, వి, లి, షి, ని అన్నవి నేను, నువ్వు, అతను, ఆమె, మేము. త్రే అంటే చాలా. నూన్ ఇప్పుడు. హోదియౌ ఇవాళ, హియేరౌ నిన్న, మోర్గౌ రేపు. ఇవి కొద్దిపాటివే, ఒక చీటీకి రెండు వైపులా పడతాయి. ఎవరు, ఏది, ఎక్కడ, ఎప్పుడు అనే వరసవి వేరే 45 ఉన్నాయి. అవి అచ్చం మన అ, ఇ, ఎల లెక్క: అక్కడ, ఇక్కడ, ఎక్కడ. వాటిని బట్టీ పట్టడం కన్నా వాడుతూ నేర్చుకోవడం నయం.

వీటిల్లోనూ కొన్నిటికి తోక తగిలిస్తే పని చేస్తాయి. మి అంటే నేను, మీయా అంటే నా. వి అంటే నువ్వు, వీయా అంటే నీ.

3. 'గా ఉంది' దగ్గర ఆగండి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషు మీదుగా రాసిన పుస్తకాల్లో దీనికి సరిపడే హెచ్చరిక దొరకదు. ఎందుకంటే ఈ తప్పు చేయాలంటే తెలుగు వచ్చి ఉండాలి.

'ఆమె అందంగా ఉంది.' గా వచ్చింది కదా, ఏ పెట్టాలి అనుకుని మన అమ్మాయి 'షి ఎస్తస్ బేలే' అని రాసింది (ఎస్తస్ అంటే ఉంది). ఎర్రగీత. కావలసింది 'షి ఎస్తస్ బేలా'. అందం ఆమెది. ఉండటం అనే పనిని అందంగా చేయడం లేదు, ఆమే అందమైనది. అందుకే విశేషణం.

సరే, ఇకమీద 'గా ఉంది' అంటే ఆ అని నియమం పెట్టుకుందామా? తొందరపడకండి. ఇవాళ మధ్యాహ్నం గోదావరి గట్టు మీద నిలబడి 'వేడిగా ఉంది' అంటే? అప్పుడు 'ఎస్తస్ వర్మే'. మళ్ళీ ఏ వచ్చింది. కానీ చేతిలో గ్లాసు పట్టుకుని 'టీ వేడిగా ఉంది' అంటే 'లా తేఓ ఎస్తస్ వర్మా'. రాజులకూ, వర్మగార్లకూ దీంతో సంబంధం లేదు, వర్మా అంటే వెచ్చని అనే అర్థం.

ఒకే 'వేడిగా ఉంది'కి రెండు తోకలెందుకు? పరీక్ష చాలా తేలిక. 'ఏది?' అని అడగండి. ఏది వేడిగా ఉంది? టీ. జవాబుగా ఒక వస్తువు చూపించగలిగితే ఆ. ఏది వేడిగా ఉంది? ఏదో అని చూపించలేం, ఊరికే వేడిగా ఉందంతే. అప్పుడు ఏ. ఈదడం తేలిక అనాలంటే 'నాజి ఎస్తస్ ఫత్సీలే'. ఈదడం పనే గానీ వస్తువు కాదు, కాబట్టి ఏ. 'మీరు రావడం మంచిదైంది' అన్నప్పుడు కూడా అంతే, 'బోనే' అంటారు, 'బోనా' అనరు.

పెద్దగా ఉంది, చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది, కష్టంగా ఉంది. రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కపెట్టండి. ఒక పూట విన్న ప్రతి 'గా ఉంది'కీ మనసులో 'ఏది?' అని అడిగి ఆనో ఏనో తేల్చుకుంటే, మర్నాటి నుంచి కలం దానంతట అదే ఆగుతుంది.

4. 'ను' మింగేయకండి

కర్మకు ఎస్పరాంటోలో తోక న్. మన నన్ను, నిన్నులలాగే అక్కడ మిన్, విన్. పోలిక కాకతాళీయమే గానీ గుర్తుపెట్టుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఇంగ్లీషువాళ్ళకు ఈ న్ అంటే ఒళ్ళు మంట. మాటల వరసే అర్థం చెప్పాలని వాళ్ళ అలవాటు. తెలుగులో 'కుక్క పిల్లిని కరిచింది', 'పిల్లిని కుక్క కరిచింది' రెండూ ఒకటే. ఎస్పరాంటోలోనూ అంతే. 'లా హూందో మోర్దిస్ లా కాతోన్' అన్నా, 'లా కాతోన్ మోర్దిస్ లా హూందో' అన్నా కరిపించుకున్నది పిల్లే.

మరి తెలుగువాళ్ళకు చిక్కేమిటి? మనం ప్రాణం ఉన్నవాటికి తప్పకుండా 'ను' పెడతాం, ప్రాణం లేనివాటికి మింగేస్తాం. 'రాముణ్ణి చూశాను' గానీ, 'పుస్తకం చదివాను'. 'పుస్తకాన్ని చదివాను' అని ఎవరైనా ఇంట్లో అంటే పరీక్ష రాసొచ్చాడా అన్నట్టు చూస్తారు. ఆ అలవాటుతో మన అమ్మాయి మనుషులకు, కుక్కలకు న్ సరిగ్గానే పెట్టింది. పుస్తకాలు, పూలు, టీ, డబ్బు అన్నిటికీ వదిలేసింది. 'మి లేగస్ లీబ్రో' తప్పు. 'మి లేగస్ లీబ్రోన్' ఒప్పు. ఎస్పరాంటోకు ప్రాణంతో పని లేదు.

చిట్కా: వాక్యం రాసేముందు తెలుగులో పండితుడిలా మాట్లాడండి. 'టీని తాగాను, డబ్బును ఇచ్చాను, సినిమాను చూశాను.' వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఇక వ్యతిరేక దిశలో చేసే తప్పు. న్ పెట్టడం అలవాటయ్యాక ప్రతిదానికీ పెట్టేస్తారు. 'ఎస్తస్' తర్వాత న్ రాదు. ఆమె మంచి టీచరు అన్నప్పుడు టీచరు కర్మ కాదు, ఆమే టీచరు. 'ఆల్' తర్వాత కూడా రాదు. బడికి అనాలంటే 'ఆల్ లా లెర్నేయో' చాలు. ఆల్‌లోనే 'కి' ఉంది, మళ్ళీ న్ ఎందుకు?

5. ఎక్కడ, ఎక్కడికి

ఈ సూచనను సరదాగా చదువుకోండి, ఇది కష్టపెట్టదు. ఇంగ్లీషు విద్యార్థులు వారాల తరబడి తల బాదుకునే చోటు తెలుగువాళ్ళకు వీధి అరుగు.

కీయే అంటే ఎక్కడ, కీయేన్ అంటే ఎక్కడికి. తీయే అక్కడ, తీయేన్ అక్కడికి. హేయ్మే ఇంట్లో, హేయ్మేన్ ఇంటికి. 'ఎన్ లా దోమో' ఇంట్లో, 'ఎన్ లా దోమోన్' ఇంట్లోకి. (దోమో అంటే ఇల్లు. దోమలు ఇంట్లోకి వస్తాయి కాబట్టి మర్చిపోరు.) పిల్లి బల్ల మీద నిలబడి గంతులేస్తుంటే 'సూర్ లా తాబ్లో'. కింద నుంచి బల్ల మీదికి దూకితే 'సూర్ లా తాబ్లోన్'. మనం లో, లోకి, మీద, మీదికి అని చిన్నప్పటి నుంచీ వేరు చేసేదాన్ని వాళ్ళు ఒక్క న్ తో వేరు చేస్తారు. పుస్తకంలో 'దిశను సూచించే ద్వితీయా విభక్తి' అని శీర్షిక కనిపిస్తే కంగారు పడి మూసేయకండి. అది మన 'కి'నే.

6. ఆయ్, ఓయ్

బహువచనానికి య్ చేరుతుంది. ఫ్లోరో పువ్వు, ఫ్లోరోయ్ పూలు. అంతవరకు 'లు'తో పోలిక బానే ఉంది. కానీ మనం 'అందమైన పువ్వు, అందమైన పూలు' అంటాం, 'అందమైన' మారదు. ఎస్పరాంటోలో విశేషణమూ మారాలి: బేలా ఫ్లోరో, బేలాయ్ ఫ్లోరోయ్. గోదావరి జిల్లాల వాళ్ళకు మాట చివర ఆయ్ పలకడం ఎవరూ నేర్పనక్కర్లేదు, గుర్తుంచుకోవడమే కావాలి. ఆ పూలను కొన్నాననాలంటే య్, న్ రెండూ రెండు మాటలకీ తగులుతాయి: 'మి అచేతిస్ బేలాయ్న్ ఫ్లోరోయ్న్'. ముందు య్, తర్వాత న్. వరస తిప్పితే కుదరదు. పూలు అందంగా ఉన్నాయి అంటే 'లా ఫ్లోరోయ్ ఎస్తస్ బేలాయ్', ఇక్కడ న్ లేదు.

ఇది అనవసరపు బరువని ఎవరికైనా అనిపిస్తే, ఆ మాట అన్నవాళ్ళలో వాళ్ళు మొదటివాళ్ళు కారు. జామెన్‌హాఫే 1894లో కొన్ని మార్పులు సూచించాడు. వాటిలో ఈ న్ తీసేయడం, విశేషణాలకు ఈ పొత్తు తీసేయడం ఉన్నాయి. తన పత్రిక చందాదారులను ఓటు అడిగాడు. ఎక్కువమంది ఉన్నదే ఉండనివ్వమన్నారు. 1907లో మరికొందరు ఊరుకోలేక ఈదో అనే సంస్కరించిన భాషనే తయారుచేసి, విశేషణం చివరి య్ తీసేశారు, న్ వాడకం బాగా తగ్గించారు. ఈదో మాట్లాడేవాళ్ళు ఇవాళ చాలా కొద్దిమంది. ఎస్పరాంటోవాళ్ళు ఇంకా బేలాయ్న్ ఫ్లోరోయ్న్ కొంటూనే ఉన్నారు.

7. 'వస్తాను' అంటే ఎప్పుడు?

'రోజూ వస్తాను', 'రేపు వస్తాను'. తెలుగులో మాట ఒకటే, సంగతులు రెండు. అలవాటైతే మి వేనస్, రాబోయేదైతే మి వేనోస్. 'వస్తున్నాను'కి కూడా వేనసే చాలు. 'రేపు' వినగానే ఓస్, 'రోజూ' వినగానే అస్ అని చెవికి అలవాటు చేయాలి.

ఉస్ అనే తోక 'కొనేవాణ్ణి, వెళ్ళేదాన్ని' లాంటి మాటలకు. 'డబ్బుంటే కొనేవాణ్ణి' అంటే 'సే మి హావుస్ మోనోన్, మి అచేతుస్'. రెండు చోట్లా ఉస్. సాధారణంగా రెండోదానికి పెట్టి మొదటిదానికి మర్చిపోతారు. ఎందుకంటే మన 'ఉంటే'లో కల ఏదో, నిజంగా జరగబోయేది ఏదో తేలదు. 'వాన పడితే రాను' అన్నది నిజంగా జరగగల సంగతి, దానికి రెండు చోట్లా ఓస్.

ఉ అనే తోక ఆజ్ఞకే కాదు. వేను అంటే రా. ని ఈరు అంటే వెళ్దాం. 'మీరు రావాలని కోరుకుంటున్నాను' అన్నప్పటి 'రావాలి'కి కూడా ఇదే ఉ: వి వేను. తెలుగులో 'రా, వెళ్దాం, రావాలి' మూడు వేషాలు, అక్కడ ఒక్కటే.

ఈ వరసలో అన్నిటికన్నా ప్రమాదమైనది 'అని'. 'వస్తానని చెప్పాడు.' మనం ఆయన నోట్లోంచి వచ్చిన 'వస్తాను'ని అలాగే తెచ్చి పెట్టేస్తాం. మన అమ్మాయి కూడా అలాగే 'లి దీరిస్, కే మి వేనోస్' అని రాసింది. చదివినవాళ్ళు ఆమే వస్తుందని అర్థం చేసుకున్నారు. మి అంటే వాక్యం చెబుతున్న మనిషి. కావలసింది 'కే లి వేనోస్'. కాలం మాత్రం మార్చనక్కర్లేదు, అన్నప్పటి ఓస్ అలాగే ఉంటుంది. ఇంగ్లీషు పరోక్ష కథనం బట్టీపట్టినవాళ్ళు ఇక్కడ లేనిపోని మార్పులు చేసి చెడగొడతారు. మనిషి మారాలి, కాలం మారకూడదు.

8. దువ్వెనా, బ్రష్షా?

తోకలన్నీ వచ్చాక కూడా ఒక పజిల్ మిగులుతుంది. బ్రోసో అంటే బ్రష్షు. బ్రోసి అంటే బ్రష్షుతో తోమడం. బాగుంది. కోంబి అంటే దువ్వడం, కాబట్టి కోంబో అంటే దువ్వెన అయ్యుండాలి కదా?

కాదు. కోంబో అంటే దువ్వే పని. దువ్వెన కావాలంటే సాధనాన్ని సూచించే 'ఇల్' చేర్చి కోంబీలో అనాలి.

అన్యాయం అనిపిస్తుందా? తెలుగులో చూడండి. దువ్వు అనే క్రియ ముందు, దాంట్లోంచి దువ్వెన పుట్టింది. బ్రష్షు అనే వస్తువు ముందు, దాంతో 'బ్రష్ చేసుకోవడం' పుట్టింది. 'దువ్వెన చేసుకున్నాను' అంటారా ఎవరైనా? ప్రతి మాట మూలానికీ పుట్టుకతో ఒక స్వభావం ఉంటుంది. ఒకటి వస్తువుగా పుడుతుంది, ఒకటి పనిగా, ఒకటి గుణంగా. తోక మార్చినా ఆ జాతకం పోదు. ఈ సంగతి మీద ఎస్పరాంటో పండితులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. భాషాశాస్త్రంలో ప్రసిద్ధుడైన ఫెర్డినాండ్ ద సస్యూర్ తమ్ముడు రెనే ద సస్యూర్ ఇందులో ముందున్నవాడు. చివరికి 1967లో ఎస్పరాంటో అకాడమీ ఈ మాటల నిర్మాణం మీద ఒక నిర్ణయం ప్రకటించింది.

నేర్చుకునేవాళ్ళు ఆ వాదాలన్నీ చదవక్కర్లేదు. మంచి నిఘంటువులో మూలానికీ తోకకూ మధ్య ఒక గీత ఉంటుంది. మొదట ఏ తోకతో ఇచ్చారో చూడండి. బ్రోస్ పక్కన ఓ ఉంటే అది వస్తువు, కోంబ్ పక్కన ఇ ఉంటే అది పని. కొత్త మాట రాసుకునేటప్పుడు ఉత్తి మూలం రాసుకోకండి, ఆ తోకతో సహా రాసుకోండి. పదిమందిలో తొమ్మండుగురు ఇక్కడే బద్ధకిస్తారు.

ఇలాంటిదే ఇంకో జంట. నీళ్ళు కాగుతాయి, మనం కాస్తాం. కొమ్మ విరుగుతుంది, మనం విరుస్తాం. ఎస్పరాంటోలో బోలి అంటే కాగు. కాచాలంటే మధ్యలో 'ఇగ్' చేర్చి బోలీగి అనాలి. ఫేర్మి అంటే తలుపు మూయడం. తలుపు దానంతట అదే మూసుకుంటే 'ఇజ్' చేర్చి ఫెర్మీజి. ఇగ్ చేయు, ఇజ్ అవు. కాగు, కాచు తేడా తెలిసిన వాళ్ళకు ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. ఒక్క మాట: ఆ సమయంలో ఇంగ్లీషులో ఆలోచించకండి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట, అది అడ్డుపడుతుంది.

9. బోర్డులు చదవండి

ఈ చిన్న చేర్పుల ఆలోచన జామెన్‌హాఫ్‌కు ఎలా వచ్చిందో అతనే నికొలాయ్ బొరోవ్‌కోకు రాసిన ఉత్తరంలో చెప్పాడు. హైస్కూలు రోజుల్లో వీధిలో రెండు రష్యన్ బోర్డులు కనిపించాయి. ఒకటి కాపలాదారు గదిది, ఒకటి మిఠాయి అంగడిది. రెండింటి చివరా 'స్కాయా' ఉంది. రోజూ చూసే బోర్డులే. ఆ రోజు మాత్రం అర్థమైంది, ఒక చిన్న ముక్క తగిలిస్తే పాత మాటల్లోంచే కొత్త మాటలు పుడతాయని, వేలకు వేల మాటలు బట్టీ పట్టించక్కర్లేదని. పెద్ద నిఘంటువు భూతంలా కనిపించడం మానేసింది.

మన బోర్డుల్లోనూ ఆ ముక్క ఉంది: పాఠశాల, వైద్యశాల, వంటశాల, గోశాల. ఎస్పరాంటోలో శాలకు 'ఏయ్' అనే ముక్క. లేర్ని నేర్చుకోవడం, లెర్నేయో బడి. ఇంకాస్త పొడుగైన ఉదాహరణ ఆసుపత్రి. సానా ఆరోగ్యమైన, మల్సానా జబ్బుపడిన, మల్సనూలో రోగి, మల్సనులేయో రోగులుండే చోటు. అయిదు ముక్కల మాట, ప్రతి ముక్కా వేరేచోట పనికొస్తుంది. వీధిలో నడుస్తూ కనిపించిన బోర్డులోని మాటను మీకు తెలిసిన ముక్కలతో కట్టడానికి ప్రయత్నించండి. సగం తప్పవుతాయి, ఏమీ పోదు.

ఒక్కోసారి ముక్కలు కూడా ఆడుకుంటాయి. సెంతేమా అనే మాటను సెంత్-ఏమ్-ఆ అని విడదీస్తే సున్నిత మనస్కుడైన అని. సెన్-తేమ్-ఆ అని విడదీస్తే విషయం లేని అని. మన శ్లేష కవులు చూస్తే ఊరుకునేవారు కారు.

10. మొసలి కాకండి

ఎస్పరాంటోవాళ్ళ సభల్లో వినిపించే హెచ్చరిక 'నే క్రొకొదీలు!'. క్రొకొదీలో అంటే మొసలి. చివర ఓ తీసి ఇ పెడితే క్రొకొదీలి. మొసలి పని చేయడం అంటే, పదిమంది ఎస్పరాంటో మాట్లాడుతున్న చోట ఇద్దరు పక్కకు చేరి సొంత భాషలో కబుర్లాడుకోవడం. ఈ మాటకు ఏ వ్యాకరణ సంఘం అనుమతీ తీసుకోలేదు. ఎవరో తోక మార్చారు, అందరికీ అర్థమైంది, నిలిచిపోయింది. తోకల విలువ తెలియాలంటే ఈ ఒక్క మొసలి చాలు.

మన వైపు ఇలాంటి సభల ఊసు లేదనుకోకండి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ళు భాషాశాస్త్రం బోధించిన ప్రబాల్ దాస్‌గుప్తా 2007 నుంచి 2013 దాకా ప్రపంచ ఎస్పరాంటో సంఘానికి అధ్యక్షుడు.

మళ్ళీ రాజమండ్రి అమ్మాయి దగ్గరికి వద్దాం. నెల తర్వాత ఆమె ఒక కలం స్నేహితురాలికి రాసిన కార్డు ఇలా ఉందనుకోండి:

హోదియౌ ఎస్తస్ వర్మే. నీయా దోమో ఎస్తస్ గ్రాందే. మి అచేతిస్ రూజా ఫ్లోరోయ్. మీయా ఫ్రాతో దీరిస్, కే మి వేనోస్. మోర్గౌ ని వేనస్ ఆల్ లా ఊర్బోన్. మీయా ఫ్రతీనో ఎస్తస్ బోనాన్ అమికీనోన్.

ఇవాళ వేడిగా ఉంది అన్న మొదటి వాక్యం సరిగ్గా ఉంది. మా ఇల్లు పెద్దది అన్నచోట గ్రాందే కాదు, గ్రాందా, 'ఏది?' అని అడగలేదు. ఎర్రని పూలు కొన్నచోట రూజాయ్న్ ఫ్లోరోయ్న్ కావాలి; పూలకు ప్రాణం లేదని న్ మింగేసింది, విశేషణానికి య్ కూడా మర్చిపోయింది. అన్నయ్య వస్తానన్నాడని చెప్పబోయి తానే వస్తానని చెప్పింది, అక్కడ లి. రేపటి ప్రయాణానికి వేనోస్ ఉండాలి, ఆల్ తర్వాత ఊర్బో చాలు. చివరి వాక్యాన్ని ఎవరూ దిద్దలేదు. చెల్లెలు మంచి స్నేహితురాలని చెప్పే ఆ వాక్యంలో రెండు న్‌లు ఎక్కువున్నాయి. ఎందుకు ఎక్కువో నాలుగో సూచన చివరి పేరా చూసి, పెన్సిలుతో మీరే కొట్టేయండి.